వెనక వైపర్ ఆగిపోయిందా? షోరూమ్, ఎలక్ట్రీషియన్, గుజిరీ, సొంత రిపేరు: మీ కారుకు ఏది సరి

అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి. అందుకే వెనక వైపర్ ఆగిపోతే చాలామంది "వానే లేని ఊళ్లో దాంతో పనేముంది" అని వదిలేస్తారు. మన దగ్గర దాని అవసరం ఎక్కువగా దుమ్ము వల్లే వస్తుంది. హ్యాచ్‌బ్యాక్‌లకూ ఎస్‌యూవీలకూ వెనక అద్దం దాదాపు నిటారుగా ఉంటుంది. బండి వేగంగా పోతుంటే దాని వెనక గాలి సుడి తిరిగి, చక్రాలు లేపిన దుమ్మంతా ఆ అద్దం మీదికే లాక్కొస్తుంది. డిక్కీ వెనక్కి పొడుచుకొచ్చిన సెడాన్‌లకు ఈ బాధ తక్కువ కాబట్టే వాటిలో చాలావాటికి వెనక వైపర్ ఇవ్వరు. తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు సిమెంటు లారీలు, బండల లారీల వెనక ఒక గంట నడిపినవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. వెనక ఎవరు వస్తున్నారో మధ్య అద్దంలో మసగ్గా కూడా కనపడదు.

అసలు ఇక్కడ వైపర్ చెడిపోవడానికి కూడా వాన లేకపోవడమే ఒక కారణం. ఎండాకాలమంతా ఎవరూ ఆ స్విచ్ ముట్టుకోరు. ఆ నెలల్లో వైపర్‌ను తిప్పే ఇనుప కడ్డీ, అంటే షాఫ్ట్ చుట్టూ దుమ్ము చేరుతుంది, కారు కడిగినప్పుడల్లా కొంచెం నీళ్లు దిగుతాయి. సెప్టెంబర్‌లో గట్టి వాన పడినప్పుడు స్విచ్ వేస్తే మోటార్ మూలుగుతుంది, బ్లేడు కదలదు. కర్నూలు, కడప వైపు కూడా ఇదే తంతు.

బాగు చేయించడానికి దారులు చాలానే ఉన్నాయి. ఖర్చులో మాత్రం పొంతన ఉండదు. బ్లేడు మార్చడం వందల్లో పోతుంది, షోరూమ్‌లో కొత్త మోటార్ వేలల్లోకి వెళ్తుంది. నా వరకు ఒక మాట ముందే చెప్తాను. మన ప్రాంతంలో నేను చూసినంతవరకు మోటార్ కాలిపోవడం కన్నా షాఫ్ట్ పట్టేయడమే ఎక్కువ. కాబట్టి షాఫ్ట్ విప్పి చూడకుండా "మోటార్ మార్చాలి సార్" అంటే ఒప్పుకోవద్దు.

## ముందు ఏమేం చూసుకోవాలి

అన్నిటికన్నా ముందు తేలాల్సింది ఏ భాగం చెడిందన్నది. బ్లేడు, బ్లేడును పట్టుకునే ఆర్మ్, షాఫ్ట్, మోటార్, వైరింగ్, నీళ్ల గొట్టం, ఫ్యూజ్. అన్నిటినీ జనం "వైపర్ పోయింది" అనే ఒక్క మాటతోనే చెప్తారు గానీ, ఒక్కోదానికి వెళ్లాల్సిన చోటు వేరు.

రెండోది వారంటీ. కారుకు వారంటీ ఇంకా ఉంటే, పొడిగించిన వారంటీ కొని ఉంటే, బయట చెయ్యి పెట్టించే ముందు ఆ కాగితాలు ఒకసారి చదవండి. బయట వైరు కోసి అతికించాక అదే లైన్‌లో ఇంకేదైనా పోతే షోరూమ్‌వాళ్లు చేతులెత్తేసే అవకాశం ఉంది. బీమా మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. మామూలు మోటార్ పాలసీ అరుగుదలకూ, దానంతటదే వచ్చిన మెకానికల్, ఎలక్ట్రికల్ లోపాలకూ డబ్బు ఇవ్వదు.

మూడోది వెనక అద్దం. దీన్ని జనం పెద్దగా పట్టించుకోరు, నేను మాత్రం గట్టిగా చెప్తాను. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేసింది. దెబ్బ తగిలితే చిట్లుతుంది గానీ విడిపోదు. వెనకది సాధారణంగా టఫెన్డ్ అద్దం. స్పానర్ జారి అంచు మీద గట్టిగా తగిలిందంటే మొత్తం అద్దం చిన్న చిన్న ముక్కలై రాలిపోతుంది. కొన్ని కార్లలో వైపర్ షాఫ్ట్ ఆ అద్దంలో రంధ్రం గుండానే బయటికి వస్తుంది, కొన్నింటిలో డిక్కీ డోర్ రేకు గుండా వస్తుంది. అద్దం గుండా వచ్చేదైతే పని చేసే మనిషి చెయ్యి ఎలాంటిదో చూసుకుని ఇవ్వాలి.

మిగిలినవి మీ అవసరాన్ని బట్టి: ఏ రోడ్ల మీద తిరుగుతారు, బండిని ఎన్ని రోజులు వదిలి ఉండగలరు, కారును ఇంకెంత కాలం ఉంచుకుంటారు.

## లోపం ఎక్కడుందో ఇంటి ముందే పట్టుకోవచ్చు

తాళం ఆన్‌లో పెట్టండి, ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. ఏసీ ఫ్యాన్, పాటలు ఆపేయండి. డిక్కీ మూసే ఉంచండి, ఎందుకంటే డోర్ గానీ వెనక అద్దం గానీ తెరిచి ఉంటే వైపర్ తిరగకుండా ఆపే ఏర్పాటు కొన్ని కార్లలో ఉంటుంది. అద్దం మీద నీళ్లు చల్లండి. ఇంట్లోవాళ్లను ఒకరిని స్విచ్ వేయమని, మీరు వెనక నిలబడి చెవి పెట్టండి.

మోటార్ ఇబ్బంది పడుతూ మూలుగుతోంది, ఆర్మ్ కదలడం లేదు. షాఫ్ట్ పట్టేసిందనడానికి ఇదే గుర్తు. వెంటనే స్విచ్ ఆపేయండి. అలాగే వదిలేస్తే మోటార్ లోపలి తీగచుట్ట (వైండింగ్) వేడెక్కి, బాగుపడే మోటార్ కాస్తా నిజంగానే కాలిపోతుంది. ఆర్మ్‌ను చేత్తో పట్టి తోయడం కూడా మానండి. చాలామంది మొదట చేసేది అదే, దాంతో లోపలి గేరు పళ్లు ఊడతాయి.

మోటార్ హాయిగా తిరుగుతున్న చప్పుడు వస్తోంది, ఆర్మ్ మాత్రం కదలడం లేదు. ఆర్మ్ మొదట్లో ఉండే ప్లాస్టిక్ మూత ఎత్తితే కింద ఒక నట్టు కనపడుతుంది. స్విచ్ వేయించి ఆ నట్టు మధ్యలో షాఫ్ట్ కొసను చూడండి. కొస తిరుగుతూ ఆర్మ్ కదలకపోతే నట్టు వదులైంది, లేదా ఆర్మ్ లోపలి గాడులు అరిగాయి. కొస కూడా తిరగకపోతే లోపల గేరు పోయినట్టు.

అసలు చప్పుడే లేదు. ముందు ఫ్యూజ్ చూడండి. ఏది వెనక వైపర్‌దో ఫ్యూజ్ డబ్బా మూత మీద గానీ కారుతో వచ్చిన పుస్తకంలో గానీ ఉంటుంది. మార్చిన కొత్త ఫ్యూజ్ కూడా వెంటనే పోతే మోటార్ పట్టేసి అయినా ఉండాలి, వైరు ఎక్కడో షార్ట్ అయినా ఉండాలి. అక్కడ పెద్ద నంబరు ఫ్యూజ్ వేసి నడిపిద్దామనుకోవద్దు. తీగలు కాలతాయి.

ఒకసారి తిరుగుతుంది, ఒకసారి తిరగదు. డిక్కీ తెరిచి మూస్తే స్థితి మారుతుంది. పైకప్పుకూ డిక్కీ డోర్‌కూ మధ్య ముడతలు ముడతలుగా ఒక రబ్బరు గొట్టం ఉంటుంది, వైర్లన్నీ అందులోంచే పోతాయి. డోర్ ఎత్తి దించిన ప్రతిసారీ అవి మడతపడి, కొన్నేళ్లకు పై తొడుగు పగిలి, లోపలి రాగి తెగుతుంది. వైపర్‌తో పాటు నంబర్ ప్లేట్ లైటో, డిక్కీ లాకో, రివర్స్ కెమెరానో అప్పుడప్పుడు మొరాయిస్తుంటే ఇక అనుమానమే అక్కర్లేదు. ఇక్కడ మోటార్ మార్చిస్తే డబ్బు దండగ.

వైపర్ తిరుగుతోంది గానీ స్విచ్ ఆపగానే అద్దం మధ్యలోనే నిలిచిపోతోంది. మోటార్ లోపల బ్లేడును తిరిగి తన చోటికి తెచ్చే కాంటాక్టులు ఉంటాయి. అవి అరిగి ఉండొచ్చు, లేదా ఎర్త్ సరిగ్గా అందకపోవచ్చు.

నీళ్లు రావడం లేదు. ఇది వేరే కథ, కిందే చెప్తాను.

## బ్లేడు, నాజిల్: ఎవరి దగ్గరికీ వెళ్లక్కర్లేదు

అద్దం మీద గీతలు గీతలుగా తడి మిగిలిపోతుంటే బ్లేడు రబ్బరు ఎండిపోయింది. మన ఎండకు ఆరుబయట నిలిపిన కారు బ్లేడు ఏడాది దాటితే చూసుకోవాల్సిందే. వెనక బ్లేడు బిగింపు కారు కారుకీ మారుతుంది. ముందు బ్లేడులా పొడవు చెప్పి తెచ్చుకుంటే సరిపోదు, పాతది తీసి చేత్తో పట్టుకుని అంగడికి వెళ్లండి.

అద్దం మీదికి నీళ్లు చిమ్మే నాజిల్ మూసుకుపోవడానికి మన బోరు నీళ్లు సగం కారణం. అనంతపురం, కడప చుట్టుపక్కల చాలా ఊళ్లలో నీళ్లలో ఉప్పులు ఎక్కువ. వాషర్ ట్యాంకులో ఆ నీళ్లే పోస్తే నాజిల్ కొసన తెల్లటి పొర గట్టిపడుతుంది. సన్నటి సూదితో పొడిచి తీసి, తర్వాత ఆర్వో నీళ్లో డిస్టిల్డ్ వాటరో వాషర్ లిక్విడ్‌తో కలిపి పోసుకోండి. పంపు చప్పుడు వినిపిస్తూ నీళ్లు అద్దం మీదికి రాకుండా పైకప్పు లైనింగ్ తడిసినా, డిక్కీలో తేమ కనిపించినా మాత్రం వెనక వాషర్ వాడటం వెంటనే ఆపండి. నీళ్ల గొట్టం లోపల ఊడింది. అదే దారిలో ఉన్న వైర్ల సాకెట్లలోకి నీళ్లు దిగితే చిన్న పని పెద్దదవుతుంది.

## సొంతంగా షాఫ్ట్ విడిపించడం

ఓపిక, చేతి పనిలో కొంత అలవాటు, ఒక ఆదివారం ఉన్నవాళ్లకు ఇది మంచి దారి. ఖర్చు గ్రీజు, ఎమరీ పేపరు, నాలుగు క్లిప్పులు. లోపలేం జరుగుతుందో తెలిస్తే, మీరు చేయకపోయినా చేయించేటప్పుడు పనికొస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

బ్లేడు ఆగి ఉండే చోటు అద్దం మీద చిన్న టేపు ముక్క అంటించండి. మళ్లీ బిగించేటప్పుడు అదే గుర్తు. బ్యాటరీ నెగటివ్ తీగ తీయండి. మూత ఎత్తి నట్టు విప్పండి. చాలా కార్లలో ఇది 10 నంబరుదో 13 నంబరుదో ఉంటుంది. నట్టు వచ్చినా ఆర్మ్ రాదు, తుప్పుతో గాడుల్లో అతుక్కుని ఉంటుంది. ఇక్కడే అద్దాలు పగిలేది. స్క్రూడ్రైవర్‌ను అద్దానికి ఆనించి ఆర్మ్‌ను పైకి లేపకండి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఒక గంట ఆగి, ఆర్మ్ మొదలును పట్టుకుని కొంచెం కొంచెంగా ఊపుతూ బయటికి లాగండి. అప్పటికీ రాకపోతే చిన్న పుల్లర్ వాడాలి. బ్యాటరీ టెర్మినళ్లు లాగే చిన్న పుల్లర్ చాలాచోట్ల సరిపోతుంది.

లోపలి ప్లాస్టిక్ ప్యానెల్‌ను క్లిప్పుల దగ్గర పట్టుకునే తీయాలి, మధ్యలో పట్టి లాగితే పగులుతుంది. ఎండలో ఏళ్ల తరబడి కాగిన కారులో క్లిప్పులు ఎలాగూ రెండు మూడు విరుగుతాయి, ముందే తెచ్చి పెట్టుకోండి. సాకెట్ ఊడదీసి, బోల్టులు విప్పితే మోటార్ చేతికొస్తుంది.

దాన్ని పాత న్యూస్‌పేపర్ మీద పెట్టి, షాఫ్ట్ బయటికి వచ్చే మెడ దగ్గర చూడండి. అల్యూమినియం గూడుకూ ఇనుప షాఫ్ట్‌కూ మధ్య తెల్లటి పొడి, దాంట్లో మన ఎర్రమట్టి కలిసి గట్టిపడి ఉంటుంది. పట్టేయడమంటే అదే. షాఫ్ట్ మీది చిన్న లాక్ రింగును, దాని కింది వాషర్లను వరుస గుర్తుపెట్టుకుంటూ తీయండి, ఫోన్‌లో ఫొటో తీసుకుంటే ఇంకా మేలు. వెనక మూత విప్పి గేరు వైపు లంకె ఎలా ఉందో కూడా చూడండి. నట్టును షాఫ్ట్ కొసతో సమానంగా ఉండేలా తిరిగి ఎక్కించి, చెక్క సుత్తితో మెల్లగా తట్టండి. నట్టు లేకుండా తడితే మరలు చితికిపోతాయి, ఆ తర్వాత ఆర్మ్ బిగుసుకోదు. బయటికొచ్చిన షాఫ్ట్‌ను సన్న ఎమరీతో నున్నగా రుద్ది, గూడును గుడ్డతో తుడిచి, లిథియం గ్రీజు పూసి ఎక్కించండి. మెడలో ఉండే రబ్బరు రింగు పగిలి ఉంటే కొత్తది వేయకుండా బిగించకండి, నీళ్లూ దుమ్మూ దిగేది ఆ దారినే.

కేవలం స్ప్రే కొట్టి సరిపెట్టుకోవచ్చా అని అడుగుతారు. కొట్టగానే కదులుతుంది, నిజమే. అయితే ఆ స్ప్రే పాత గ్రీజును కూడా కడిగేస్తుంది. కొన్ని వారాలకు మళ్లీ పట్టేస్తుంది. ఊరు దాటాల్సిన రోజు సర్దుబాటుగా సరే. ఇంజిన్ ఆయిల్ అయితే అసలే వద్దు, బయట మెడ దగ్గర దుమ్మును పట్టి పెట్టుకుంటుంది.

షాఫ్ట్ అద్దం గుండా వచ్చే కార్లకు, వైరింగ్ తెగిన కేసులకు, వారంటీలో ఉన్న బండికి ఈ దారి నేను చెప్పను.

## ఆటో ఎలక్ట్రీషియన్

అనంతపురం, కర్నూలు, కడప మూడు ఊళ్లలోనూ బ్యాటరీ, డైనమో, సెల్ఫ్ మోటార్ పనులు చేసే చిన్న షెడ్లు చాలా ఉన్నాయి. సెల్ఫ్ మోటార్ విప్పి బాగు చేసే చేతికి వైపర్ మోటార్ ఒక లెక్క కాదు. పట్టేసిన షాఫ్ట్, అరిగిన కార్బన్ బ్రష్‌లు, తెగిన వైరు, ఈ మూడింటికీ నా మొదటి ఓటు ఇక్కడికే. షోరూమ్‌లో సాధారణంగా మోటార్ విప్పి బాగు చేయరు, మొత్తం మారుస్తారు. షెడ్డులో భాగం బాగు చేస్తారు. ఆ తేడా వల్లే ఖర్చు తగ్గుతుంది.

మనిషిని ఎంచుకోవడంలోనే అంతా ఉంది. సాకెట్ దగ్గర టెస్ట్ ల్యాంపో మీటరో పెట్టి 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూసి మాట్లాడేవాడు నమ్మదగినవాడు. సాకెట్‌లో కరెంటు వస్తూ మోటార్ తిరగకపోతే తప్పు మోటార్‌ది, రాకపోతే తప్పు వైరింగ్‌ది. ఈ చిన్న పరీక్ష చేయకుండానే ధర చెప్పే చోట ఆగకండి.

రబ్బరు గొట్టంలో తెగిన వైర్ల పని మాత్రం దగ్గరుండి చూసుకోండి. మెలిపెట్టి టేపు చుడితే నెలలు తిరక్కుండానే మళ్లీ తెగుతుంది. తెగిన చోటును రెండు వైపులా కొంచెం వెనక్కి కోసి, మెత్తగా వంగే సన్నతీగల వైరు ముక్కను మధ్యలో వేసి, టంకం పెట్టి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగాలి. అతుకు వంగే చోట పడకూడదు, డోర్ లోపలికో పైకప్పు లోపలికో పోవాలి. ఒక వైరు తెగిందంటే పక్కవి కూడా పగుళ్లు వచ్చే ఉంటాయి. ఒకే పనిలో అన్నీ మార్పించుకోండి, ఎందుకంటే ప్యానెల్ విప్పే కష్టం ప్రతిసారీ అంతే.

లోటుపాట్లూ ఉన్నాయి. బిల్లు ఉండదు, గ్యారంటీ అంతా నోటి మాటే. దసరా, సంక్రాంతి ముందు ఈ షెడ్లలో ప్రయాణాల బళ్లు నిండి ఉంటాయి, అప్పుడు ఇస్తే తొందర పని జరుగుతుంది.

## షోరూమ్ సర్వీస్

వారంటీ ఉన్న కారుకు ఇక్కడ రెండో ఆలోచన అక్కర్లేదు, నేరుగా వెళ్లండి. అద్దం గుండా షాఫ్ట్ వచ్చే కార్లకు కూడా షోరూమే మేలంటాను. పని చేస్తూ అద్దం పగిలితే బాధ్యత ఎవరిదో జాబ్ కార్డు మీద తేలుతుంది. డిక్కీ డోర్‌లో ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లు, పవర్ డోర్ ఉన్న కొత్త మోడళ్లకు కూడా అంతే. అందులో స్కానర్ పెట్టకుండా లోపం దొరకదు.

వారంటీ దాటిన బండికి లెక్క మారుతుంది. మోటార్ అసెంబ్లీ ధర, లేబర్, రెండింటి మీదా 18 శాతం జీఎస్టీ. పైగా మన ఊళ్లలోని వర్క్‌షాపుల్లో వెనక వైపర్ మోటార్ లాంటి అరుదుగా అమ్ముడయ్యే భాగం తరచుగా స్టాక్‌లో ఉండదు, తెప్పించాలి. కాబట్టి బండి వదిలిరాకండి. చూపించి, అంచనా కాగితం తీసుకుని, పార్ట్ వచ్చాక పిలవమనండి. అప్పటిదాకా ఆ ఫ్యూజ్ తీసి ఉంచితే మంచిది. ముందు వైపర్ వేసి రివర్స్ గేరు పెడితే వెనకది దానంతటదే తిరిగే కార్లు ఉన్నాయి, పట్టేసిన మోటార్ అలా మీకు తెలియకుండానే వేడెక్కుతుంది. ఆ ఫ్యూజ్ మీదే ఇంకేమైనా నడుస్తున్నాయేమో మాత్రం తీసేముందు చూసుకోండి.

ఒక ప్రశ్న తప్పక అడగండి: "షాఫ్ట్ చూశారా, సాకెట్‌లో కరెంటు వస్తోందా?" పాత మోటార్‌ను తిరిగి ఇవ్వమని కూడా ముందే చెప్పండి. వారంటీ కింద కాకుండా మీ డబ్బుతో మార్చిన భాగం మీదే.

## గుజిరీ మోటార్, డూప్లికేట్ మోటార్

లోపలి గేరు పోయి, కొత్త మోటార్ ధర వయసు మళ్లిన కారుకు ఎక్కువ అనిపించినప్పుడు ఈ రెండూ ఆలోచనలోకి వస్తాయి. అనంతపురం నుంచి బెంగళూరు 200 కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ. అక్కడి శివాజీనగర్ గుజిరీలోనో, చెన్నై పుదుపేటలోనో పాత కార్ల భాగాలు దొరుకుతాయి. పని మీద అటు వెళ్లేవాళ్లు పాత మోటార్‌ను సంచిలో వేసుకుపోతే మంచిది. సాకెట్‌లో పిన్నుల సంఖ్య, బోల్టు రంధ్రాల దూరం, షాఫ్ట్ పొడవు మూడూ కలవాలి. ఒకే మోడల్‌లోనే పాత, కొత్త రకాలకు తేడాలుంటాయి.

అంగడిలోనే 12 వోల్టుల బ్యాటరీ పెట్టి తిప్పించి చూడండి. సాఫీగా తిరగాలి, షాఫ్ట్‌ను పట్టుకుని అటూ ఇటూ ఊపితే వదులు ఉండకూడదు. నా ఇష్టం అడిగితే, మంచి స్థితిలో ఉన్న ఒరిజినల్ సెకండ్ హ్యాండ్‌ను, పేరు తెలియని కొత్త డూప్లికేట్ కన్నా ముందు ఎంచుకుంటాను. చవక డూప్లికేట్లలో రబ్బరు సీలు సరిగ్గా కూర్చోకపోతే మన దుమ్ముకు మళ్లీ అదే రోగం. గుజిరీ సరుకును కూడా బిగించే ముందు విప్పి గ్రీజు పెట్టించాల్సిందే, అది కూడా ఎక్కడో ఎండా వానల్లో పడి ఉన్నదే.

## తీసేసి రంధ్రం మూసేయడం

ఊళ్లోనే తిరిగే పాత కారుకు కొందరు ఇదే చేస్తారు. ఆర్మ్, మోటార్ తీసి రబ్బరు మూత పెట్టేస్తారు. మూత సరిగ్గా కూర్చోకపోతే డోర్ లోపలికి నీళ్లు దిగి రేకు తుప్పు పడుతుంది, అది వైపర్ ఖర్చును మించిపోతుంది. రివర్స్ కెమెరా ఉంది కదా అంటారు. హైవేలో వెనక నుంచి దూసుకొచ్చే బస్సును చూపించడానికి అది పెట్టింది కాదు, పైగా దాని లెన్స్ కూడా అదే దుమ్ములో ఉంటుంది. నేను ఈ దారిని సమర్థించను.

## ఒక్క చూపులో

| దారి | ఖర్చు | పట్టే సమయం | ఏ లోపానికి సరి | ప్రధాన ఇబ్బంది |
|---|---|---|---|---|
| బ్లేడు, నాజిల్, ఫ్యూజ్ మీరే | చాలా తక్కువ | నిమిషాలు | గీతలు, నీళ్లు రాకపోవడం, ఫ్యూజ్ | బ్లేడు బిగింపు కలవాలి |
| సొంతంగా షాఫ్ట్ | తక్కువ | ఒక పూట | పట్టేసిన షాఫ్ట్ | అద్దం, క్లిప్పులు పగలడం |
| ఆటో ఎలక్ట్రీషియన్ | మధ్యస్థం | ఒక రోజు లోపు | షాఫ్ట్, బ్రష్‌లు, వైరింగ్ | బిల్లు, రాతపూర్వక గ్యారంటీ లేకపోవడం |
| షోరూమ్ | ఎక్కువ (వారంటీ లేకపోతే) | పార్ట్ వచ్చేదాకా | వారంటీ, ఎలక్ట్రానిక్ లోపం, అద్దం రిస్క్ | బాగు చేయకుండా మార్చడం |
| గుజిరీ మోటార్ | మధ్యస్థం | దొరికినప్పుడు | గేరు పోయిన పాత కారు | సరిపోలకపోవడం, అరుగుదల |
| తీసేయడం | తక్కువ | గంట | దేనికీ కాదు | తుప్పు, వెనక చూపు లేకపోవడం |

## మీరు ఎవరైతే ఏది

కారు కొత్తది, వారంటీ ఉంది: షోరూమ్. ఎదురుచూడాల్సి వచ్చినా సరే.

ఏడెనిమిదేళ్ల హ్యాచ్‌బ్యాక్, పట్టేసిన షాఫ్ట్: ఎలక్ట్రీషియన్, లేదంటే మీరే. కొత్త మోటార్ గురించి ఆలోచించాల్సింది విప్పి చూశాకే.

రోజూ కర్నూలు హైవే ఎక్కేవాళ్లు, ట్యాక్సీ తిప్పేవాళ్లు: మీకు బండి ఆగితే ఆ రోజు సంపాదన పోయినట్టే. ఉదయం ఇస్తే సాయంత్రానికి ఇచ్చే షెడ్డుకు వెళ్లండి. వైరింగ్ లోపమైతే అన్ని వైర్లూ ఒకేసారి మార్పించండి. కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ గానీ, ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ గానీ వానలో ఎక్కేవాళ్లు ఈ పనిని తర్వాతకు వాయిదా వేయొద్దు. మలుపులో వెనక బండి లైట్లు కనపడకపోతే పక్కకు జరిగే ధైర్యం రాదు.

కారు ఇంట్లో పెద్దవాళ్లు నడుపుతారు, రాత్రిపూట చూపు తగ్గింది: ఖర్చుకు వెనకాడకుండా పక్కాగా చేయించండి. మురికి అద్దం మీద వెనక బండి హెడ్‌లైట్ పడితే మొత్తం తెల్లబడిపోతుంది, కుర్రవాళ్లకన్నా వాళ్లకే ఆ ఇబ్బంది ఎక్కువ.

కారు అమ్మే ఆలోచనలో ఉన్నారు: మోటార్ మార్చకండి. ఎలక్ట్రీషియన్ దగ్గర విడిపించి, కొత్త బ్లేడు వేస్తే చాలు. వైపర్ తిరగకపోతే కొనేవాడు మిగతా కారును కూడా అనుమానంగానే చూస్తాడు.

బండి ఎప్పుడూ ఆరుబయటే నిలిపేవాళ్లు: ఏ దారి ఎంచుకున్నా, వారానికోసారి అద్దం తడిపి వైపర్ నాలుగుసార్లు తిప్పే అలవాటు చేసుకోండి. పొడి అద్దం మీద ఎప్పుడూ తిప్పకండి, మన ఇసుకలోని పలుగురాతి రవ్వ అద్దాన్ని గీస్తుంది. సిమెంటు పొడి పడిన అద్దాన్ని ముందు బాగా నీళ్లు పోసి కడిగాకే వైపర్ వేయాలి.

## డబ్బు ఇచ్చే ముందు

షెడ్డయినా షోరూమైనా, అక్కడే నిలబడి ఇవి చూసుకోండి. అద్దం తడిపించి వైపర్‌ను రెండు మూడు నిమిషాలు ఆపకుండా తిప్పించండి, వేడెక్కాక ఆగిపోతే పని పూర్తి కానట్టే. స్విచ్ ఆపగానే బ్లేడు ఎప్పుడూ ఆగే చోటికే రావాలి. వాషర్ నొక్కి, లోపల డోర్ ప్యానెల్ కింద చెయ్యి పెట్టి తడి ఉందేమో తడమండి. డిక్కీని అయిదారు సార్లు ఎత్తి దించి, ఆ తర్వాత మళ్లీ వైపర్, నంబర్ ప్లేట్ లైటు, డిక్కీ లాకు, అద్దం మీది ఆవిరి పోగొట్టే డీఫాగర్, కెమెరా అన్నీ పనిచేస్తున్నాయో చూడండి. ప్యానెల్‌ను అరచేత్తో తట్టినప్పుడు గలగలలాడితే క్లిప్పులు విరిగాయి, అక్కడే వేయించుకోండి. అద్దం అంచుల్లో కొత్త గీత గానీ చిన్న పెచ్చు గానీ కనిపిస్తే బండి బయటికి తీయకముందే చెప్పండి. టఫెన్డ్ అద్దం అంచున దెబ్బ తగిలి ఉంటే ఎండకు వేడెక్కి తర్వాతెప్పుడో పగలొచ్చు. అప్పుడు పూర్తి బీమా ఉన్నవాళ్లకు గాజు మీద తరుగుదల కోత ఉండదు గానీ, క్లెయిమ్ పెడితే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సాధారణంగా పోతుంది. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్నవాళ్లకు అద్దం ఖర్చంతా చేతి నుంచే.